జావా వెబ్ అప్లికేషన్‌లోంచి బయటి స్క్రిప్టు నడపాలంటే

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు మండలాల్లో రొయ్యల గుంటలు పెట్టినవాళ్లకి నీళ్ల టెస్టు చాలా ముఖ్యం. పొద్దున్నే సీసాల్లో నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కి వస్తారు. పీహెచ్ ఎంత, ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత అని చూసి ల్యాబ్‌వాళ్లు కాగితం ఇస్తారు. నీళ్లు మార్చాలా, మేత తగ్గించాలా అన్నది ఆ కాగితాన్ని బట్టే తేల్చుకుంటారు. అలాంటి ఒక ల్యాబ్‌కి నేను జావాలో వెబ్ అప్లికేషన్ రాశాను. అంకెలు ఎక్కించగానే అది ఒక పైథాన్ స్క్రిప్టుని పిలుస్తుంది. మొత్తం అమ్మోనియాలో రొయ్యకి విషమయ్యే భాగం ఎంతో, పీహెచ్‌నీ నీటి వేడినీ బట్టి ఆ స్క్రిప్టు లెక్క కడుతుంది. ఆ తర్వాత లిబ్రేఆఫీస్ పీడీఎఫ్ తయారు చేస్తుంది.

రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. ల్యాబ్‌లో అమ్మాయి బటన్ మళ్లీ మళ్లీ నొక్కింది. పదోసారి తర్వాత లాగిన్ పేజీ కూడా తెరుచుకోలేదు. బయట బెంచీ మీద కూర్చున్న పెద్దాయన "ఏమబ్బయ్యా, కాయితం ఇంకా రాలేదా? మేత వేసే టైమ్ అవుతా ఉంది" అని అడిగాడు. ఆయనకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆ రోజు కాగితాలన్నీ చేత్తో రాసిచ్చారు.

లెక్కలో తప్పు లేదు, సర్వర్ పాడవలేదు. స్క్రిప్టుని నేను పిలిచిన పద్ధతిలో తప్పుంది. జావాలోంచి బయటి ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టడం ఒక్క లైను పని. కానీ మొదలుపెట్టాక అది ఏం చెబుతోందో వినాలి, గడువు దాటితే ఆపాలి, అది పుట్టించిన ప్రాసెస్‌లని (నడుస్తున్న ప్రోగ్రాములని) కూడా ఆపాలి. అదంతా మన కోడ్ చూసుకోవాల్సిందే, వేరే ఎవరూ చూసుకోరు. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. క్లాసుల పేర్లు, మెథడ్ల పేర్లు తెలుగులోనే రాస్తున్నాను. మీ ఎడిటర్‌లో మొదటి నాలుగు అక్షరాలు కొడితే మిగతాది అదే అందిస్తుంది.

మొదట: బయటికి వెళ్లాల్సిన అవసరం ఉందా?

ఫైలు కాపీ చేయడానికి, ఫోల్డర్ తీసేయడానికి, జిప్ కట్టడానికి షెల్ కమాండ్ పిలిచే కోడ్ చాలాచోట్ల చూశాను. వీటన్నిటికీ జావాలోనే దారి ఉంది. ఫైళ్లకి ఫైల్స్ క్లాస్ ఉంది, జిప్‌కి దాని ప్యాకేజీ ఉంది, వెబ్ నుంచి డేటా తెచ్చుకోవడానికి జావా 11 నుంచి హెచ్‌టీటీపీ క్లయింట్ ఉంది. ఇలాంటి పనికి బయటికి వెళితే ఒక ప్రాసెస్, ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తేడా, ఒక భద్రతా సమస్య కొని తెచ్చుకున్నట్టే. పీడీఎఫ్ మార్పిడి, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో వీడియో పని, పీజీ డంప్‌తో డేటాబేస్ బ్యాకప్, ఎవరో పైథాన్‌లో రాసి పరీక్షించి పెట్టిన లెక్కలు, ఇలాంటివాటికే బయటికి వెళ్లండి.

రెండో పని: సర్వర్ యూజర్‌గా చేత్తో నడిపి చూడండి

కోడ్ రాయకముందే ఇది చేయాలి. మీ లాగిన్‌తో టెర్మినల్‌లో స్క్రిప్టు నడిచిందంటే అది మీకు నడిచినట్టు, అంతే. మన వెబ్ అప్లికేషన్‌ని నడిపే టామ్‌క్యాట్ సర్వర్ వేరే యూజర్‌గా నడుస్తుంది. ఆ యూజర్‌కి మీ బాష్ సెట్టింగ్స్ ఫైలు ఉండదు, మీ పాత్ వేరియబుల్ (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) ఉండదు, హోమ్ ఫోల్డర్‌లో రాసే హక్కు కూడా ఉండకపోవచ్చు. అందుకని సుడోతో ఆ యూజర్‌గా మారి, ఎన్వ్ కమాండ్‌కి మైనస్ ఐ ఇచ్చి ఎన్విరాన్‌మెంట్ మొత్తం ఖాళీ చేసి నడపండి. అక్కడ నడిస్తే జావాలోంచి నడవడానికి చాలా వరకు అడ్డు తొలగినట్టే. పైథాన్‌కైనా, స్క్రిప్టుకైనా పూర్తి పాత్ రాయండి. వర్కింగ్ డైరెక్టరీ కూడా ప్రాసెస్ బిల్డర్‌లో (బయటి ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే జావా క్లాస్) డైరెక్టరీ మెథడ్‌తో మీరే చెప్పండి. లేకపోతే టామ్‌క్యాట్ ఎక్కడ మొదలైతే అదే స్క్రిప్టుకీ వస్తుంది.

ఇక్కడ ఎక్కువమందిని తిప్పలు పెట్టే ఎర్రర్ ఒకటుంది. ఎర్రర్ 2, అలాంటి ఫైలు లేదు అంటుంది. చూస్తే ఫైలు కళ్లముందే ఉంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో స్క్రిప్టు రాసి లైనక్స్ సర్వర్‌కి ఎక్కించినప్పుడు ప్రతి లైను చివర ఒక అదనపు క్యారెక్టర్ వెంట వస్తుంది. మొదటి లైనులో బాష్ పాత్ చివర కూడా అది అంటుకుని ఉంటుంది. సిస్టమ్ ఆ కనబడని క్యారెక్టర్‌తో కలిపి బాష్‌ని వెతుకుతుంది, దొరకదు. లేదంటున్నది మీ స్క్రిప్టుని కాదు, దాన్ని నడపాల్సిన బాష్‌ని. డాస్ టు యూనిక్స్ కమాండ్ ఒకసారి నడిపితే పోతుంది. ఎర్రర్ 13 వస్తే అనుమతి లేదని అర్థం. ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చినా అదే వస్తుంటే, ఆ ఫైలు ఉన్న డిస్క్ భాగం నోఎగ్జెక్‌తో (అక్కడి ప్రోగ్రాములని నడపనివ్వని సెట్టింగ్) మౌంట్ అయిందేమో చూడండి.

లైనక్స్‌లో సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ కింద టామ్‌క్యాట్ నడుస్తుంటే సర్వీస్ ఫైలు కూడా తెరిచి చదవండి. ప్రైవేట్ టెంప్ ఆన్ అయి ఉంటే మీ అప్లికేషన్ చూసే టెంప్ ఫోల్డర్ వేరు, మీరు టెర్మినల్‌లో చూసే టెంప్ ఫోల్డర్ వేరు. "ఫైలు రాశానంటోంది, ఎక్కడా లేదు" అన్న టెన్షన్‌కి ఇదే కారణం కావచ్చు. నో న్యూ ప్రివిలేజెస్ ఆన్ అయి ఉంటే స్క్రిప్టు లోపల సుడో పనిచేయదు. దాన్ని ఆఫ్ చేయకండి. రూట్ హక్కుతో చేయాల్సిన పని ఉంటే, అప్లికేషన్ ఒక టేబుల్‌లో అభ్యర్థన రాసి వదిలేయాలి. రూట్‌గా నడిచే చిన్న టైమర్ సర్వీస్ దాన్ని చూసి పని చేయాలి. వెబ్ వైపు నుంచి రూట్ దాకా నేరుగా దారి ఉండకూడదు.

మూడో పని: కమాండ్‌ని ముక్కలుగా ఇవ్వండి

బయటి కమాండ్ నడిపే రన్‌టైమ్ ఎగ్జెక్ మెథడ్ జావా పుట్టినప్పటి నుంచి ఉంది. దానికి మొత్తం కమాండ్ ఒకే స్ట్రింగ్‌గా ఇస్తే, ఖాళీ ఎక్కడుంటే అక్కడ తెంపుతుంది. కొటేషన్లు పెట్టినా పట్టించుకోదు. "అల్లూరు గుంట 3" అన్న పేరుతో ఫైలు ఇస్తే స్క్రిప్టుకి మూడు వేర్వేరు ఆర్గ్యుమెంట్లుగా చేరుతుంది. పైపు గుర్తు, గ్రేటర్ దాన్ గుర్తు కూడా పనిచేయవు, ఎందుకంటే అవి షెల్‌కి అర్థమయ్యే గుర్తులు, ఇక్కడ షెల్ లేదు. ఒకే స్ట్రింగ్ తీసుకునే ఆ మెథడ్లని జావా 18లో డెప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దని గుర్తు పెట్టారు. 2004లో జావా 5తో వచ్చిన ప్రాసెస్ బిల్డర్ వాడండి. దానికి ఒక లిస్టు ఇవ్వండి: మొదట పైథాన్ పూర్తి పాత్, తర్వాత స్క్రిప్టు పాత్, ఆ తర్వాత ఒక్కో ఆర్గ్యుమెంట్ విడిగా. పేరులో ఖాళీలున్నా అది ఒక్కటిగానే చేరుతుంది.

పైపులు కావాలని చాలామంది షెల్‌ని పిలిచి, మైనస్ సీ ఇచ్చి, యూజర్ టైప్ చేసిన పేరుని ఆ స్ట్రింగ్‌లో అతికిస్తారు. దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి. రైతు పేరు రాసే గడిలో ఎవరైనా ఒక సెమీకోలన్ పెట్టి, దాని తర్వాత ఫోల్డర్ మొత్తం చెరిపేసే కమాండ్ రాశారనుకోండి. షెల్‌కి అది రెండో కమాండ్‌గా కనిపిస్తుంది, నడిపేస్తుంది. మీ సర్వర్‌లో ఉన్న ప్రతి రైతు రికార్డూ ఆ ఒక్క గడి దయ మీద ఉన్నట్టు. పైపులు తప్పకపోతే వాటిని స్క్రిప్టు ఫైలు లోపల రాసుకోండి. బయట నుంచి వచ్చే విలువలు మాత్రం లిస్టులో విడి ఆర్గ్యుమెంట్లుగానే వెళ్లాలి. స్క్రిప్టులో వాటిని వాడేచోట డబుల్ కొటేషన్లలో పెట్టండి.

లిస్టుగా ఇచ్చినా రెండు జాగ్రత్తలు మిగిలే ఉంటాయి. యూజర్ ఇచ్చిన పేరు మైనస్ గుర్తుతో మొదలైతే ప్రోగ్రామ్ దాన్ని ఫైలు పేరు అనుకోదు, ఆప్షన్ అనుకుంటుంది. పేర్ల ముందు రెండు మైనస్‌లు విడి ఆర్గ్యుమెంట్‌గా పెడితే చాలా ప్రోగ్రాములు ఆ తర్వాత వచ్చేవి ఆప్షన్లు కావని గుర్తిస్తాయి. విండోస్‌లో బ్యాచ్ ఫైలుని పిలిస్తే మధ్యలో విండోస్ షెల్ వచ్చి తీరుతుంది. అక్కడ లిస్టు కూడా పూర్తి రక్షణ కాదు, యూజర్ ఇచ్చిన మాట బ్యాచ్ ఫైలుకి పంపకండి.

ఆ ల్యాబ్ అప్లికేషన్‌లో ఇప్పుడు స్క్రిప్టుకి వెళ్లేది శాంపిల్ నంబర్ ఒక్కటే. అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదని ముందే చెక్ చేస్తాను. పేరు, ఊరు, కొలతలు అన్నీ ఒక జేసన్ ఫైలులో రాసి పెడతాను, స్క్రిప్టు దాన్ని చదువుకుంటుంది. పాస్‌వర్డ్‌లు కూడా ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వకండి. పీఎస్ కమాండ్ కొడితే ఆ మెషీన్‌లో మిగతావాళ్లకి అవి కనబడతాయి. ఇంకో సంగతి, మీ అప్లికేషన్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీలు అన్నీ పిల్ల ప్రాసెస్‌కి, అంటే అప్లికేషన్ మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌కి, వారసత్వంగా వెళ్లిపోతాయి. ప్రాసెస్ బిల్డర్ ఎన్విరాన్‌మెంట్ మ్యాప్‌ని ఖాళీ చేసి, స్క్రిప్టుకి కావలసిన రెండు మూడు మాత్రమే పెట్టండి.

నాలుగో పని: అది రాసేది ఎక్కడికి పోతుందో చూసుకోండి

ఆ పొద్దున ల్యాబ్‌ని ఆపేసింది ఇదే, అందుకే ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

పిల్ల ప్రాసెస్‌కి మూడు దారులుంటాయి: లోపలికి ఒకటి, మామూలు అవుట్‌పుట్‌కి ఒకటి, ఎర్రర్లకి ఒకటి. మీరేమీ చెప్పకపోతే జావా ఈ మూడింటినీ పైపులుగా (ఒకవైపు రాసింది రెండోవైపు చదివే దారులుగా) కలుపుతుంది. లైనక్స్‌లో పైపు మామూలుగా పట్టేది 64 కేబీ, అంటే 65,536 బైట్లు. అవతలివైపు ఎవరూ చదవకపోతే అది నిండుతుంది. నిండాక స్క్రిప్టు ఇంకొక్క అక్షరం రాయబోతే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అక్కడే నిలబెట్టేస్తుంది. తూము మూసేసిన కాలువలో నీళ్లు వెనక్కి ఎగదన్నినట్టు. ఇటు జావా కోడ్ వెయిట్ ఫర్ (ప్రాసెస్ ముగిసేదాకా ఎదురుచూసే మెథడ్) దగ్గర "స్క్రిప్టు అయిపోనీ, అప్పుడు చదువుతా" అని కూర్చుంది. అటు స్క్రిప్టు "నువ్వు చదివితేనే నేను ముందుకెళ్తా" అని నిలబడింది. ఏ ఎర్రరూ రాదు, లాగ్‌లో ఒక్క లైనూ పడదు.

మరి రెండు నెలలు ఎలా నడిచింది? నా స్క్రిప్టు ఆ గుంట పాత రికార్డులన్నీ చదివి, నీటి వేడి రాయని ప్రతి రికార్డుకీ ఒక హెచ్చరిక రాస్తుంది, అదీ తెలుగులో. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు. గుణింతం గుర్తు కూడా విడిగా మూడు బైట్లు, అంటే "కా" ఒక్కటే ఆరు. ఇంగ్లీషులో అరవై వేల పైచిలుకు అక్షరాలు పట్టే పైపులో తెలుగువి ఇరవై రెండు వేలు కూడా పట్టవు. నేను టెస్ట్ చేసినప్పుడు గుంటకి పది రికార్డులు ఉన్నాయి. పంట సాగేకొద్దీ రికార్డులు పెరిగాయి, ఒక పెద్ద రైతు గుంటల దగ్గర హెచ్చరికలు ఆ హద్దు దాటాయి.

అక్కడితో ఆగలేదు. అప్లికేషన్ స్ప్రింగ్ బూట్‌లో ఉంది, డేటాబేస్ కనెక్షన్లు హికారీ పూల్ (తెరిచి పెట్టుకున్న కనెక్షన్ల గుంపు) నుంచి వస్తాయి. ఆ పూల్‌లో మనం మార్చకపోతే ఉండేవి 10 కనెక్షన్లు. నేను ట్రాన్సాక్షన్ మధ్యలో స్క్రిప్టుని పిలిచాను కాబట్టి, ఆగిపోయిన ప్రతి రిక్వెస్టూ ఒక కనెక్షన్‌ని చేతిలో పట్టుకునే ఉంది. పదిసార్లు నొక్కేసరికి పది కనెక్షన్లూ పోయాయి. లాగిన్ పేజీ తెరుచుకోకపోవడానికి కారణం అది.

దీనికి సులువైన పరిష్కారం అవుట్‌పుట్‌ని ఫైలులోకి మళ్లించడం. రీడైరెక్ట్ ఎర్రర్ స్ట్రీమ్‌ని ట్రూ చేస్తే ఎర్రర్లు కూడా మామూలు అవుట్‌పుట్‌తో కలుస్తాయి. రీడైరెక్ట్ అవుట్‌పుట్‌కి ఒక లాగ్ ఫైలు ఇస్తే పైపే ఉండదు, నిండే ప్రశ్నే లేదు. ఇది జావా 7 నుంచి ఉంది. అవుట్‌పుట్ అసలు అక్కర్లేదనుకుంటే జావా 9 నుంచి డిస్కార్డ్ ఉంది, కానీ నేను వాడను. ఏదో ఒక రోజు ఆ లైన్లే కావాల్సి వస్తాయి.

అవుట్‌పుట్‌ని వచ్చింది వచ్చినట్టు చదవాల్సి వస్తే, చదవడానికి వేరే థ్రెడ్ పెట్టండి. అదే థ్రెడ్‌లో చదువుతూ కూర్చుంటే, స్క్రిప్టు నోరు మెదపకుండా ఆగిపోయినప్పుడు మీ గడువు లెక్క దాకా కోడ్ రానే రాదు.

లోపలి దారిని మరిచిపోకండి. కొన్ని కమాండ్లు "పాత ఫైలు మీద రాయనా?" అని అడిగి జవాబు కోసం ఎదురుచూస్తాయి. సర్వర్‌లో జవాబు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఇన్‌పుట్‌ని డెవ్ నల్‌కి (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైలు) కలిపేయండి, లేదా మొదలైన వెంటనే అవుట్‌పుట్ స్ట్రీమ్‌ని మూసేయండి. జావా వైపు అది అవుట్‌పుట్, స్క్రిప్టు వైపు అదే ఇన్‌పుట్.

ఐదో పని: గడువు, ఆ తర్వాత ఆపడం

గడువు లేని వెయిట్ ఫర్ ఎప్పుడూ వాడకండి. జావా 8 నుంచి సమయం తీసుకునే వెయిట్ ఫర్ ఉంది. 60 సెకన్లు ఇచ్చారనుకోండి, ఈలోపు అయిపోతే ట్రూ, లేకపోతే ఫాల్స్ ఇస్తుంది. ఫాల్స్ వచ్చినంత మాత్రాన ప్రాసెస్ ఆగినట్టు కాదు. ఎదురుచూడటం మీరు ఆపారు, అది నడుస్తూనే ఉంది.

ఆపే వరస ఇది. ముందు డిసెండెంట్స్ మెథడ్‌తో దాని పిల్లల జాబితా తీసి పెట్టుకోండి. ఇది జావా 9 నుంచి ఉంది. తర్వాత డిస్ట్రాయ్ పిలిచి ఐదు సెకన్లు సమయం ఇవ్వండి, తాత్కాలిక ఫైళ్లు సర్దుకుని పోతుంది. అప్పటికీ ఉంటే డిస్ట్రాయ్ ఫోర్సిబ్లీ. ఆ పైన జాబితాలో ఇంకా మిగిలినవాటిని కూడా అలాగే ఆపండి. జాబితా ముందే ఎందుకంటే, పెద్ద ప్రాసెస్ పోగానే పిల్లలు వేరే ప్రాసెస్ కిందికి మారిపోతారు. ఆ తర్వాత అడిగితే జావాకి దొరకరు. లిబ్రేఆఫీస్‌లో ఇది కళ్లారా చూడొచ్చు. లైనక్స్‌లో మీరు పిలిచేది ఒక చిన్న మొదలుపెట్టే స్క్రిప్టు, అసలు పని చేసేది దాని కింద పుట్టే ఎస్ఆఫీస్ డాట్ బిన్. పైదాన్ని మాత్రమే చంపితే కిందిది మెమొరీ తింటూ అలాగే ఉండిపోతుంది.

వెయిట్ ఫర్ దగ్గర ఇంటరప్టెడ్ ఎక్సెప్షన్ వస్తే మింగేయకండి. పిల్ల ప్రాసెస్‌ని ఆపి, థ్రెడ్ ఇంటరప్ట్ గుర్తుని మళ్లీ పెట్టండి. సర్వర్ రీస్టార్ట్ చేసినప్పుడు అనాథ ప్రాసెస్‌లు మిగలకుండా ఉంటాయి.

ఫలితాన్ని నమ్మేముందు

ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) సున్నా అయితే సరే. షెల్ స్క్రిప్టు నుంచి 127 వస్తే లోపల ఏదో కమాండ్ దొరకలేదు, 126 వస్తే దొరికింది గానీ నడిపే అనుమతి లేదు. 143 అంటే మర్యాదగా ఆపారు, 137 అంటే బలవంతంగా చంపారు. మీరు చంపకుండానే 137 వచ్చిందంటే మెమొరీ అయిపోయి కెర్నల్ చంపి ఉండొచ్చు, సిస్టమ్ లాగ్ చూడండి. బాష్ స్క్రిప్టులో పైపు వాడితే చివరి కమాండ్ కోడ్ మాత్రమే బయటికి వస్తుంది. అందుకే స్క్రిప్టు పైన పైప్‌ఫెయిల్ సెట్ చేయండి, మధ్యలో ఏ కమాండ్ విఫలమైనా తెలుస్తుంది. సున్నా వచ్చినా సరే, పీడీఎఫ్ నిజంగా ఉందా, ఖాళీగా లేదా అని చూశాకే రైతుకి లింక్ ఇవ్వండి.

వెబ్ రిక్వెస్టులో నడపకండి

స్క్రిప్టు రెండు సెకన్లు దాటుతుందంటే దాన్ని రిక్వెస్టు థ్రెడ్‌లో నడపకూడదని నా అభిప్రాయం. బటన్ నొక్కగానే టేబుల్‌లో ఆ పనికి ఒక రో రాయండి, ట్రాన్సాక్షన్ ముగించండి, పని నంబర్ వెనక్కి ఇవ్వండి. వెనకాల రెండు థ్రెడ్లున్న ఎగ్జిక్యూటర్ ఆ పనుల్ని ఒక్కొక్కటీ తీసుకుంటుంది. పేజీ మూడు సెకన్లకోసారి "అయిందా" అని అడుగుతుంది. అదే శాంపిల్‌కి పని ఇప్పటికే ఉంటే కొత్తది పుట్టించకుండా పాత నంబరే ఇవ్వండి, ఎన్నిసార్లు నొక్కినా ఒకటే నడుస్తుంది. క్యూకి హద్దు పెట్టండి. సర్వర్ మళ్లీ మొదలైనప్పుడు "నడుస్తోంది" అని మిగిలిపోయిన పనులని తిరిగి వరసలో పెట్టండి.

ప్రతి పనికీ ఒక తాత్కాలిక ఫోల్డర్ ఇచ్చి, ఫైనల్లీ బ్లాకులో తీసేయండి. లిబ్రేఆఫీస్‌ని రెండు థ్రెడ్లు ఒకేసారి పిలుస్తుంటే ఒక్కోదానికి వేరే యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్ ఇవ్వాలి, లేకపోతే రెండోది సరిగా నడవకపోవచ్చు.

తెలుగు పేర్లుంటే

ఇంగ్లీషు డేటాతో టెస్ట్ చేసినవాళ్లకి ఇది తగలదు, మనకి తగులుతుంది. సర్వీస్‌కి లాంగ్ వేరియబుల్ లేకపోతే జావా పోసిక్స్ లొకేల్‌లో (ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే తెలిసిన భాషా సెట్టింగ్) మొదలవుతుంది. అప్పుడు "ఇందుకూరుపేట" అని ఆర్గ్యుమెంట్ పంపితే స్క్రిప్టుకి వరసగా ప్రశ్నార్థకాలు చేరతాయి. జావా 18 నుంచి డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అయింది కదా అంటారు. అది ఫైలు లోపలి అక్షరాలకి పనికొస్తుంది, ఆర్గ్యుమెంట్లకీ ఫైలు పేర్లకీ ఇప్పటికీ లొకేల్‌నే చూస్తుంది. సర్వీస్ ఫైలులో లాంగ్ వేరియబుల్‌కి సీ డాట్ యూటీఎఫ్-8 పెట్టండి. ఇందాక ఎన్విరాన్‌మెంట్ ఖాళీ చేశారు కదా, పిల్ల ప్రాసెస్‌కి కూడా దాన్ని మళ్లీ ఇవ్వండి.

పీడీఎఫ్‌లో తెలుగు బదులు డబ్బాలు వస్తే ఎన్‌కోడింగ్ వెతకకండి, సర్వర్‌లో తెలుగు ఫాంట్ లేదు. ఎఫ్‌సీ లిస్ట్ కమాండ్‌తో తెలుగు ఫాంట్లు ఏమున్నాయో చూసి, నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ వేయండి.

ఎక్కించే ముందు నాలుగు దొంగ స్క్రిప్టులు

అసలు స్క్రిప్టు స్థానంలో వీటిని పెట్టి నడపండి. మొదటిది పది నిమిషాలు నిద్రపోయేది. గడువు దాటగానే పోతోందా, దాని కింద ఇంకో నిద్రని పుట్టిస్తే అదీ పోతోందా అని పీఎస్‌తో చూడండి. రెండోది లక్ష లైన్లు తెలుగులో ఎర్రర్ దారిలోకి రాసేది. మూడోది 3 కోడ్‌తో బయటికి వచ్చేది, స్క్రీన్ మీద "రిపోర్టు తయారుకాలేదు, మళ్లీ ప్రయత్నించండి" అని మనిషికి అర్థమయ్యే మాట రావాలి. నాలుగోది కీబోర్డ్ నుంచి జవాబు అడిగేది. ఇవి నడుస్తుండగా ఇంకో బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరవండి, అది ఎప్పటిలాగే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే జేస్టాక్ (ఏ థ్రెడ్ ఏ లైనులో ఉందో చూపే జావా టూల్) తీసి, ఏ థ్రెడ్ వెయిట్ ఫర్ దగ్గర కూర్చుందో చూడండి. నేను ఆ రోజు మధ్యాహ్నం తీసిన జేస్టాక్‌లో పది థ్రెడ్లు, పదీ అదే లైను మీద ఉన్నాయి.